నాలుగు సెకన్ల నివాళి

"నాలుగు సెకన్లా? యాభై రెండేళ్లు నటించిన మనిషికి నాలుగే సెకన్లా? నేను తుమ్మినా అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది!"

బర్‌బ్యాంక్‌లోని ఆ ఎడిటింగ్ గదిలోకి వస్తూనే ముసలాయన మారిబెల్ మీద విరుచుకుపడ్డాడు. నెత్తిన బేస్‌బాల్ టోపీ, చేతిలో, ఎవరికెన్ని సెకన్లో రాసి పోయినవాళ్ల కుటుంబాలకు ఆమె నిన్న పంపిన జాబితా. ఆదివారం టీవీ అవార్డుల ఉత్సవం. ఈ ఏడాది పోయిన నటుల్నీ నిర్మాతల్నీ తెరమీద చూపించి, వయొలిన్లు వాయించి, హాలంతటినీ ఏడిపించే మూడు నిమిషాల ముక్క తయారుచెయ్యడం మారిబెల్ పని. ఇంకో గంటలో, అయిదింటికల్లా, అది వాయిద్యాల వాళ్లకి వెళ్లిపోవాలి. వెళ్లాక దేవుడు దిగొచ్చినా మార్చరు.

మారిబెల్ తల పట్టుకుంది. వారం నుంచీ ఇదే గొడవ. పోయినవాళ్లు పోయి హాయిగా ఉన్నారు గానీ, వాళ్ల తాలూకు మనుషులు ఈ పిల్ల ప్రాణం తోడేస్తున్నారు. సోమవారం ఒకాయన భార్యా, ఇద్దరు మాజీ భార్యలూ విడివిడిగా వచ్చి, మిగతా ఇద్దరూ కనిపించే షాట్లు తీసెయ్యమని ముగ్గురూ పట్టుబట్టారు.

"మీరెవరి తాలూకు సార్?"

"ఎల్డన్ ప్రూయిట్ తాలూకు."

ఆమె జాబితాలో వేలు కిందికి జరిపింది. చాలా కిందికే జరపాల్సి వచ్చింది.

"ఆఁ, ముప్పై ఏడో ఆయన. మీ బాధ నాకర్థమవుతుంది సార్. మహానటుడు."

"ఏమిటేమిటి చూశావు ఆయనవి?"

"అంటే... చాలా... అదే, గుర్రం మీద వస్తారు చూడండి..."

"ఆయనకి గుర్రమంటే చచ్చే భయం. జన్మలో ఒక్కసారి ఎక్కాడు. ఈ వైపు ఎక్కి ఆ వైపు పడ్డాడు. కబుర్లు మాని ఏం పెట్టావో చూపించు."

ఆమె మీట నొక్కింది. తెరమీద బట్టతల జడ్జి ఒకడు సుత్తితో బల్ల మీద టక్కుమని కొట్టాడు. అంతే, అయిపోయింది.

"ఇది ఎల్డన్ కాదు," అన్నాడు ముసలాయన.

"కాదా?"

"కాదు. ఈ బట్టతల వేరు. ఈయన నిక్షేపంలా ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు."

మారిబెల్ కుర్చీలోంచి లేచిపోయింది. "అమ్మో! బతికున్న మనిషిని దేశమంతా చూస్తుండగా చంపేసేదాన్ని! నా ఉద్యోగం ఊడేది! మీ రుణం ఎలా తీర్చుకోను సార్?"

"పోనీలే, ఇంతమందిలో ఒక్కటైనా తప్పు దొర్లకుండా ఉంటుందా? ఇప్పుడు చెప్పింది వెతుకు. ఆసుపత్రి సీరియల్, రెండో ఏడాది, ఏడో భాగం."

ఆమె వెతికి పట్టుకుంది. ఆసుపత్రి వరండాలో ఒక నడివయసు మనిషి. నర్సు వచ్చి ఏదో చెప్పింది. అతను ఏడవలేదు. చేతిలో ఉన్న భార్య కోటును మడతపెట్టాడు. మళ్లీ విప్పి, ఇంకా చక్కగా మడతపెట్టాడు. అంతే చేశాడు. మారిబెల్ తెర దగ్గరికి వంగింది.

"ఈయనా! ఇది చూసి మా అమ్మమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీదమ్మా. ఎదురుపడితే, 'మిమ్మల్నెక్కడో చూశాను, మా పళ్ల డాక్టరు కదూ' అంటారు." ముసలాయన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "నూట నలభై వేషాలు. ఆ అవార్డుల హాలుకి ఒక్కసారి పిలిచారు. ఎందుకనుకున్నావు? హీరోలు బాత్రూంకి లేచినప్పుడు కుర్చీ ఖాళీగా కనపడకుండా కూర్చోడానికి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ హాలు ఆయన కోసం చప్పట్లు కొడితే చాలు."

పాపం, మారిబెల్ కరిగిపోయింది. "ఎనిమిది సెకన్లిస్తాను."

"పన్నెండు."

"ఎక్కణ్ణుంచి తేను సార్? ఇంకొకళ్ల దగ్గర కొయ్యాలి కదా!"

"జాబితాలో పైన ఈ నిర్మాత ఉన్నాడుగా, ఈయన దగ్గర కొయ్యి. ఉన్నన్నాళ్లూ ఎంతమంది నటుల్ని కోసి పారేశాడు! ఇప్పుడు ఆయన వంతు."

ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే కోసింది. కోటు మడతపెట్టే ముక్క పన్నెండు సెకన్లూ నిండుగా కుదిరింది. పైగా ముప్పై ఏడో చోటు నుంచి లేపి అన్నిటికన్నా చివర పెట్టింది. చప్పట్లు ఎక్కువ పడేది అక్కడే. ముసలాయన ఆ ముక్క మూడుసార్లు వేయించుకుని చూశాడు. మూడోసారి టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"కుటుంబం తరఫున ఈ కాగితం నింపి సంతకం పెట్టండి సార్," అంది మారిబెల్. "ఆదివారానికి రెండు సీట్లు కూడా ఉంచుతాం."

"సీట్లొద్దు తల్లీ. తలుపులేసుకుని ఇంట్లోనే చూస్తాం."

కాగితం నింపి, బోర్లించి బల్లమీద పెట్టి, పోతూ పోతూ అక్కడున్న డోనట్ల పెట్టెలోంచి ఒకటి కూడా తీసుకుని, ఈల వేసుకుంటూ లిఫ్టెక్కాడు. అన్నగారో తమ్ముడుగారో గానీ ఎంత ప్రేమ అనుకుంది మారిబెల్. అయిదుకి రెండు నిమిషాలుండగా ముక్క పంపించేసి, హమ్మయ్య అనుకుంటూ కాగితం తిప్పి చూసింది.

'పోయినవారికి మీరేమవుతారు?' అన్నచోట ఇలా రాసి ఉంది: "నేనే. ఆదివారం దాటేదాకా ఎవరికీ చెప్పకు తల్లీ."