ముద్దు చేయడమంటే

"పిల్లలొచ్చి 'సార్ ముద్దు చేస్తారు' అంటే మనమేం చేయాలి?"

వెనక వరసలోంచి ఆ ప్రశ్న రాగానే హాలంతా ఘొల్లుమంది.

దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో ఆదివారం తెలుగు బడి టీచర్లకు ఆ రోజు పిల్లల రక్షణ మీద శిక్షణ. ఇరవై ఏళ్లుగా అక్కడ తెలుగు చెబుతున్న సునందకు ఆ ఏర్పాట్లతోనే తల ప్రాణం తోకకొస్తోంది. సమోసాలు రాలేదు, మైకు పలకదు, పైగా ఇప్పుడీ అమ్మాయి! ఎవరో, ఎవరు రమ్మన్నారో కూడా తెలియదు.

"గారాబం చేస్తే మంచిదేగా తల్లీ, చేసేదేముంది?" అంది సునంద.

"అది కాదండీ. ఇక్కడి పిల్లలు హిందీలో అనుకుని..."

నోయిడా నుంచి వచ్చిన ట్రైనర్‌కు తెలుగు రాదు. "క్యా పూఛ్ రహీ హై?" అని, ఏమడుగుతోందో చెప్పమన్నాడు.

ముందు వరసలో, సునందతో పాటే ఇరవై ఏళ్లుగా ఆ బడిలో ఉన్న పాటల మాస్టారు గోపీకృష్ణ కూర్చున్నారు. పొద్దుట్నుంచీ ప్రతి ప్రశ్నకూ చేయెత్తి జవాబు చెప్పింది ఆయనే. అంతటి పెద్దమనిషి ముందు ఈ గోలేమిటని సునందకు ఒళ్లు మండింది.

"కుఛ్ నహీ సర్," అని, ఏదో గారాబం సంగతేనని హిందీలో తేల్చేసింది.

"అచ్ఛా, ఠీక్ హై." ట్రైనర్ తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

అమ్మాయి ఇంకా నిలబడే ఉంది.

"నువ్వు మా టీచర్‌వి కాదు కదమ్మా? మా పని మమ్మల్ని చేసుకోనీ."

ఆమె సునంద మొహంలోకి కాసేపు చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

'హమ్మయ్య' అనుకుంది సునంద.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు పంచారు. మొదటిది మాస్టారికే.

మూడింటికి పిల్లలొచ్చారు. ఎనిమిదేళ్ల హాసిని సునంద కొంగు పట్టుకుంది.

"ఆంటీ, మై మ్యూజిక్ క్లాస్ నహీ జావూంగీ."

"తెలుగులో చెప్పాలి. ఏం, ఎందుకెళ్లవు?"

"సార్ ముద్దు చేస్తారు."

నవ్వబోయిన సునంద ఆగిపోయింది.

"ముద్దు చేయడమంటే... ఏంటమ్మా?"

"కిస్ కర్తే హై. పోయిన సండే కూడా చెప్పాగా ఆంటీ. మీరు నవ్వారు."

పొద్దున ఆ అమ్మాయి అన్నదేమిటో సునందకు అప్పుడర్థమైంది. పిల్ల హిందీలో అనుకుని తెలుగులో అంటోంది!

ఆ కాళ్లతోనే వెళ్లి బడి అధ్యక్షుడు భీమేశ్వరరావుకు చెప్పింది.

"మతి పోయిందా మీకు? ఒక్క పసిపిల్ల మాట పట్టుకుని అంత మనిషిని వీధిలో పెడతామా? ఇన్నేళ్లలో ఇంకెవరైనా అన్నారా? అంటే తీసుకురండి, చూద్దాం."

ఇంకెవరైనా అంటే, పొద్దుటి అమ్మాయి!

బస్టాపు, ఆటోలు, మెట్రో మెట్లు అన్నీ వెతికింది. ఎక్కడా లేదు.

తిరిగొచ్చేసరికి, సంగతి తెలిసి హాసిని తల్లి పిల్లను తీసుకుపోతోంది. "మా పాప పేరు ఎక్కడా ఎత్తకండి ఆంటీ, మీకు దండం పెడతా. మేమింక రాం," అంది.

పాటల గదిలో తక్కిన పిల్లలు పాడుతూనే ఉన్నారు.

సునంద పొద్దుటి శిక్షణ హాజరు కాగితం తీసింది. చిట్టచివర 'శ్రుతి' అని ఉంది. ఫోన్ నంబరు లేదు. 'ఏ క్లాసు' అన్నచోట గుండ్రటి తెలుగు అక్షరాల్లో, 'సునంద ఆంటీ క్లాసు, 2010' అని రాసి ఉంది.

పాటలకు వెళ్లనని గుక్కపట్టి ఏడుస్తుంటే, సునంద రెక్క పట్టుకుని తీసుకెళ్లి ఆ గదిలో కూర్చోబెట్టి వచ్చిన పాప ఆమే.