నారింజ గీతకు అవతల

ఆ నీలం ట్రక్కు పొద్దున ఏడింటికే వచ్చి ఆగింది.

సరిగ్గా గీతకు అవతల. పోలింగ్ హాలు చుట్టూ, హద్దు తెలియడానికి మంచు మీద చల్లిన నారింజ రంగు గీత అది.

లోపల ఒక ముసలాయన. దిగడు. ఓటెయ్యడు. చేతులు స్టీరింగ్ మీదే.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆర్డిత్‌కు కాఫీ గొంతు దిగడం మానేసింది. ఆ ఫైర్ స్టేషన్ హాల్లో ఎన్నిక నడిపించే బాధ్యత ఆమెది.

"పదకొండు ఓట్లు," అన్నాడు సాటి ఉద్యోగి మెర్ల్, పుస్తకం మూస్తూ. "నాలుగు లక్షల డాలర్ల ఖర్చుతో ఎన్నిక! మొదట గెలిచినాయన చచ్చిపోయె. రెండో ఆయన పెద్ద ఉద్యోగం దొరికిందని పోయె. ఒకే సీటుకి ఏడాదిలో మూడోసారి. ఈసారి గెలిచినోణ్ణి కుర్చీకి కట్టెయ్యాలమ్మాయ్!"

ఆమె నవ్వలేదు. స్వెటర్ జేబులో మడిచిన ఉత్తరం వేళ్ళకు తగిలింది. పోయిన వారం వచ్చింది. సంతకం లేదు.

'ఈ ఎన్నికకు డబ్బు చాలక రోగుల్ని డయాలసిస్‌కు తీసుకెళ్ళే వ్యాను ఆపేశారు. మా ఇంటి మనిషి పోయింది. మంగళవారం మీ హాలుకు వస్తాను.'

కౌంటీ ఆఫీసులో చూపిస్తే, "ఇలాంటివి వస్తూనే ఉంటాయి. కాపలాకి మనిషిని పెట్టడానికి ఈసారి డబ్బు లేదు," అన్నారు.

వారం రోజులుగా ముఖం లేని భయంతో కాపురం చేసిందామె. ఇప్పుడు దానికి ఒక ముఖం దొరికింది.

కోటు వేసుకుని వెళ్ళి ట్రక్కు అద్దం తట్టింది.

"ఓటు వెయ్యడానికా?"

"కాదమ్మా."

"మరి?"

"మూసేదాకా కూర్చుంటా. అంతే." ఆయన చూపు రోడ్డు మలుపు మీదినుంచి కదల్లేదు.

పక్క సీట్లో ఆడవాళ్ళ ఊలు శాలువా, మడతపెట్టి ఉంది.

"లోపల పోలీసు లేడు కదూ?" అడిగాడాయన.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఉన్నాడు."

"లేడమ్మా. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నా."

పరుగులాంటి నడకతో లోపలికొచ్చి ఫోనందుకుంది.

పావుగంటలో పోలీసు వచ్చాడు. ఉత్తరం చదివాడు. ముసలాయన్ను కారెక్కించాడు.

"ఎనిమిదింటిదాకా ఉండనియ్యి బాబూ, గీత దాటను," అని మాత్రం బతిమాలాడాయన. ఎందుకని ఎంత గద్దించినా నోరు మెదపలేదు.

కారు మలుపు తిరిగి మాయమైంది.

ఆర్డిత్ కూర్చుంది. కప్పు అందుకుంది. వారం తర్వాత మొదటిసారి కాఫీకి రుచి వచ్చింది.

"గండం గడిచిందిగా, కాస్త ఏమైనా తిను," అన్నాడు మెర్ల్.

తలుపు తెరుచుకుంది.

ముప్పై ఏళ్ళ మనిషి. బూట్ల మంచు దులుపుకోలేదు. కుడి చెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు.

"రావయ్యా, పన్నెండో ఓటు!" అన్నాడు మెర్ల్ హుషారుగా.

అతను మెర్ల్ వంక చూడలేదు. కిటికీలోంచి ఖాళీ ట్రక్కును చూశాడు.

"మా నాన్నని పంపేశారా?" అన్నాడు నెమ్మదిగా. "ఆయన అక్కడ కూర్చున్నాడనే, పొద్దుట్నుంచీ మూడుసార్లు మలుపుదాకా వచ్చి వెనక్కి పోయాను."