తప్పుల తరగతి

"ఏడెనిమిదులెంత?"

"యాభై ఆరు."

పెద్ద మాస్టారు బెత్తంతో బల్ల మీద ఒక్కటిచ్చాడు. "మళ్ళీ అదే! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? సరిగ్గా ఆలోచించి చెప్పు."

ఎక్కాల పిల్ల గుడ్ల నీరు కుక్కుకుంది. "డెబ్భై... నాలుగు."

"భేష్! ఇప్పుడు దారికొచ్చావు."

పదిహేను రోజులుగా ఆ బడిలో జరుగుతున్న చదువు ఇదే. అంతకుముందు పదిహేనేళ్ళలో పెద్ద మాస్టారు ఇంత ఒళ్ళు వంచి పాఠం చెప్పిన పాపాన పోలేదు.

దీనంతటికీ కారణం రాజధాని నుంచి వచ్చిన ఉత్తరం. వెనకబడిన బడుల్లో చదువు బాగుచేసే పథకం ఒకటి మొదలవుతోందట. అది ఎంతవరకు పనిచేస్తుందో తేల్చే పరిశీలనకు ఈ బడిని ఎంపిక చేశారట. నెలాఖరులో వచ్చి మొదటి పరీక్ష పెడతారట. అప్పటిదాకా బడిలో ఎలాంటి మార్పులూ చేయకూడదట.

పెద్ద మాస్టారు 'ఎంపిక' దగ్గరే ఆగిపోయి చంకలు గుద్దుకున్నాడు. ఆ పథకంలో ఏమేం ఇస్తారో ఆయన ముందే ఆరా తీశాడు. పెట్టెల కొద్దీ పుస్తకాలు, కొత్త బల్లలు, అన్నిటికీ మించి ఆరో తరగతి, దానికో టీచరు.

పిల్లలకు నేర్పడానికి ఎన్నడూ పనిచేయని బుర్ర అప్పుడు చకచకా పనిచేసింది. మొదటి పరీక్షలో మార్కులు ఎంత తక్కువ వస్తే, తర్వాతి పరీక్షలో అంత ఎక్కువ పెరిగినట్టు కనిపిస్తాయి. పెరిగితే పేపర్లో ఫొటో, మెడలో దండ. అంటే ఇప్పుడు అందరికీ సున్నాలు రావాలి. వంతెన అవతలి బడికీ అలాంటి ఉత్తరమే వచ్చిందని, అక్కడి హెడ్మాస్టరు ఎప్పటిలాగే పాఠాలు చెప్పుకుంటున్నాడని విని ఆయన కడుపుబ్బ నవ్వుకున్నాడు.

ముప్ఫై మంది పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు ఆయన చేతికింద పెరిగినవాళ్ళు, ఎవరూ నేర్పకుండానే తప్పులు రాస్తారు. చిక్కల్లా ముప్ఫై ఒకటోదైన ఈ ఎక్కాల పిల్లతోనే. దానికి లెక్కలు వచ్చింది బడిలో కాదు. తల్లి పనిచేసే గుండీల కార్ఖానాలో అట్టకి ఎనిమిది చొప్పున గుండీలు కుడుతూ నేర్చుకుంది.

"తప్పని తెలిసి ఎలా రాయను మాస్టారూ?" అని మొదట్లో మొండికేసింది.

పెద్ద మాస్టారు గొంతులో తేనె పోసుకున్నాడు. "చూడు తల్లీ, ఈ బడి అయిదుతో సరి. ఆ తర్వాత ఏం చేస్తావు?"

"అమ్మతో కార్ఖానాకి పోతాను."

"అదే ఆరో తరగతి ఇక్కడికే వస్తే?"

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వు అన్నీ కరెక్టుగా రాశావనుకో, వీళ్ళకేం లోటు లేదనుకుని వెళ్ళిపోతారు. వచ్చే ఆరో తరగతిని కాలితో తన్నుకున్నదానివవుతావు. ఆపైన నీ ఇష్టం."

ఆ రోజు నుంచి పిల్ల తప్పులు బట్టీ పట్టింది. రాత్రి అన్నం తింటూ గొణుక్కుంటుంటే విని తల్లి బిత్తరపోయింది.

"అదేంటే? ఏడట్టలకి యాభై ఆరు గుండీలే కదా?"

"బడిలో డెబ్భై నాలుగమ్మా. ఒక్క రోజుకే."

మార్పులు చేయకూడదన్న ఉత్తరంలోని చివరి మాటనూ పెద్ద మాస్టారు తు.చ. తప్పకుండా పాటించాడు. రిటైరైన కాంపౌండరు ఒకాయన తన ఇంట్లో బీరువా నిండా ఉన్న కథల పుస్తకాలు బడికిస్తానని, పైకప్పుకి రెండు రేకులు కూడా వేయిస్తానని వచ్చాడు.

"ఇప్పుడొద్దు లెండి, మాకు కొత్తవే వస్తున్నాయి" అని గుమ్మంలోంచే పంపేశాడు.

పరీక్ష రోజున పరిశీలన ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. నీళ్ళు కారే కప్పుని, పెచ్చులూడిన నల్లబల్లని, కాలు విరిగిన బెంచీని శ్రద్ధగా ఫొటోలు తీసుకున్నాడు. "చాలా బాగుంది, చాలా బాగుంది" అంటూ తిరిగాడు. పిల్లల పేర్లు మాత్రం అడగలేదు. వాళ్ళకి వరసగా నంబర్లు వేశాడు.

ముప్ఫై ఒకటో నంబరు పరీక్ష రాసింది. ప్రతి లెక్కా ముందు మనసులో సరిగ్గా చేసి, ఆ తర్వాత కాగితం మీద తప్పు వేసింది. ఏడెనిమిదుల దగ్గర పెన్సిలు ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితానికి చిల్లు పడింది.

ఆఫీసరు అక్కడే కూర్చుని పేపర్లు దిద్దాడు. దిద్దేకొద్దీ ఆయన మొహం చేటంత అయింది.

"అద్భుతం మాస్టారూ! ఒక్కరికీ ఒక్క లెక్క రాలేదు. ఇంత చక్కటి బడి మాకు ఇంకెక్కడా దొరకలేదు."

"అంతా తమ దయ సార్" అని పెద్ద మాస్టారు మెలికలు తిరిగాడు.

"ఏదీ మార్చకండి. అంతా ఇలాగే ఉండాలి."

"తమరు చెప్పాలా సార్! రేకు ముక్క కూడా కదలనివ్వలేదు."

అంతదాకా పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పరీక్షకని ఆఫీసరు ఇచ్చిన పెన్సిలు తిరిగివ్వడానికి ఇప్పుడు లోపలికి వచ్చింది, కానీ ఇచ్చేసి వెళ్ళలేదు. మాస్టారు కళ్ళెర్రజేసినా కదల్లేదు.

"ఆరో తరగతి ఎప్పుడొస్తుంది సార్?"

ఆఫీసరు పేపర్లు సంచీలో సర్దుకుంటూ నవ్వాడు.

"ఇక్కడికెందుకొస్తుందమ్మా, అవన్నీ వంతెన అవతలి బడికి వెళ్తాయి, అవేవీ ఇవ్వకపోతే పిల్లలు ఎలా తయారవుతారో మూడేళ్ళపాటు ఆ బడితో పోల్చి చూడ్డానికే మీ బడిని ఎంచుకున్నాం."