పాట ఆగిన చోట

పాట ఆగితే ఏనుగులు తోటలోకి దిగుతాయి. అందుకే వేప్పనపల్లి దగ్గర మామిడి తోటల కాపలాకు రాత్రంతా స్పీకరు మోగిస్తారు. సినిమా పాటలకు ఏనుగులు బెదరడం మానేశాయని తోట కాసే బైరప్ప కూతురు రశ్మి హోసూరు నుంచి వచ్చి, పాత అమెరికా బ్యాండు ఆల్బం ఒకటి స్పీకరులోకి ఎక్కించి పోయింది.

“పల్లెపాటను రాక్ గిటారుతో కలిపింది వీళ్లే నాయనా. ఆ పైన అందరూ వీళ్ల దోవే పట్టినారు.”

“ఆ సంగతి ఏనుగులకు చెప్పినావా తల్లీ?”

ఆ పాటలు పెట్టినాక ఏనుగులు రాలేదు. మాటలు అర్థం కాకున్నా బైరప్పకు ఆ పాటల మలుపులన్నీ పట్టుబడ్డాయి.

ఈ రాత్రి ఆఖరి పాట నడుమ బ్యాటరీ అయిపోయింది. అతడు గుడిసెలోంచి బయటికి వచ్చాడు. కంచె అవతల కొమ్మలు విరుగుతున్నాయి. అంతలో చెట్ల మధ్య ఎవరో పాటను ఆగిన చోటనే ఈలతో అందుకున్నారు. కొమ్మల చప్పుడు ఆగింది.

పాట ముగియాల్సిన చోట ఈల ముగియలేదు. అతడు ఎన్నడూ వినని మలుపు తిరిగింది. అదెక్కడికి పోతుందో వినాలనిపించింది.

“ఎవరప్పా ఆడ?”

ఈల ఆగింది. కంచె దగ్గర మళ్లీ కొమ్మ విరిగింది.

“ఆపొద్దప్పా, పాడు!”

ఈల మళ్లీ మొదలైంది. ఈసారి అతని వెనక, ఖాళీ గుడిసెలోంచి.