మూడో జవాబు

కంపెనీ యంత్రాన్ని అమ్మింది, తాళం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. శోభనాద్రి దృష్టిలో ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

కృత్తివెన్నులో అతని రొయ్యల చెరువు మీద నీళ్లు చిలుకుతూ గాలి పట్టించే నాలుగు ఏరేటర్లూ పట్టపగలు ఒక్కసారే ఆగిపోయాయి. మూడు రోజులుగా ముసురు. ఎండ లేదు. నీళ్లలో గాలి తగ్గిపోయి, రొయ్యలు మీసాలు పైకెత్తి గట్టు వారకు చేరుతున్నాయి.

"వైరు తెంపి నేరుగా కరెంటు కలపరా!" అని శోభనాద్రి అరిచాడు.

ఊళ్లో సెల్లు షాపు నడిపే నాగబాబు ఏరేటర్ల కరెంటు పెట్టె ముందు కూర్చుని తల అడ్డంగా ఊపాడు. "పాత మోటార్లయితే ఈపాటికి కలిపేవాణ్ణి మావయ్యా. వీటికి మోటారు లోపలే తాళం. కంపెనీ ఊఁ అంటేనే తిరుగుతాయి."

"వీటిని నడపడానికి నువ్వు చేసిన తెలుగు యాప్ పెట్టుకోమన్నది వాళ్లే కదా?"

"నిన్నటి దాకా. బాగుందని భుజం కూడా తట్టారు. ఇవాళ పొద్దున బయటివాళ్ల యాప్‌లన్నీ మూసేశారు. నాది వాడిన చెరువులన్నీ ఆపేసి, యజమాని ఫోన్ చేసి రుజువు చేసుకోవాలంటున్నారు."

"నా చెరువు నాదేనని వాళ్లకి నేను రుజువు చెయ్యాలా?"

నాగబాబు రొయ్యల వంక చూశాడు. తన యాప్ వల్లే ఇదంతా అని అతని మొహంలోనే తెలుస్తోంది.

శోభనాద్రి కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నమస్కారమండీ, వర్షిణిని మాట్లాడుతున్నాను. ఈ అకౌంటు దుర్గాదేవి గారి పేరు మీద ఉందండీ. ఆవిడకి ఇస్తారా?"

"నా భార్య. లేదు."

"ఎప్పుడొస్తారండీ?"

"రాదు. పోయి పది నెలలైంది."

"సారీ అండీ. మరణ ధ్రువీకరణ పత్రం పంపిస్తే వారంలో మీ పేరుకి మారుస్తారండీ."

"వారానికి నా రొయ్యలవి కూడా పంపిస్తాను," అని పెట్టేశాడు.

గట్టు మీద మేత బకెట్టుతో దయామణి నిలబడి ఉంది. పన్నెండేళ్లుగా ఈ చెరువుకి మేత వేసేది ఆవిడే. దుర్గాదేవి ఉన్నంతకాలం ఇద్దరూ కలిసే వేసేవారు. నాగబాబు చూపు ఆవిడ మీద పడింది.

"పిన్నీ, దుర్గత్తలాగా నువ్వు మాట్లాడు."

"నేనా! అన్నయ్యగారి పెళ్లాంగానా? మా ఇంట్లో తెలిస్తే నా తాట తీస్తాడు."

"రొయ్యలు చస్తున్నాయి దయామణీ!"

బకెట్టు కింద పెట్టి ఫోన్ అందుకుంది. మళ్లీ వర్షిణే ఎత్తింది. గుర్తుపట్టే ఉంటుంది, పట్టనట్టే మాట్లాడింది.

"దుర్గాదేవి గారూ, అకౌంటు తెరిచినప్పుడు మీరొక ప్రశ్నకి జవాబు పెట్టుకున్నారండీ. అందరికంటే మీకు ఇష్టమైన మనిషి ఎవరు? మూడు సార్లు చెప్పొచ్చండీ. మూడూ తప్పితే ఇక నా చేతుల్లో ఉండదు."

శోభనాద్రి తడుముకోకుండా తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు.

"శో... శోభనాద్రి," అంది దయామణి.

"కాదండీ."

శోభనాద్రి వేలు మెల్లిగా కిందికి దిగింది. ముప్పై మూడేళ్ల కాపురం. కూతురి పేరు చెప్పమని సైగ చేశాడు.

"శ్రావ్య."

"అదీ కాదండీ. ఇంకొక్కటే ఉంది. బాగా ఆలోచించి చెప్పండమ్మా."

చెరువు మధ్యలో ఒక రొయ్య ఎగిరి వెల్లకిలా పడింది. వెంటనే మరో రెండు. ఆమె తమ్ముడు కాంతారావా? వాడితో తను మాట మానేసి పదకొండేళ్లు. మోపిదేవి స్వామా? స్వామిని మనిషంటారా? మరి ఇంకెవరు?

"నాకు తెలియదు," అన్నాడు. చెరువు మొత్తం పోవడం కంటే ఆ మాట అనడమే అతనికి కష్టమైంది.

దయామణి ఏదో తట్టినట్టు అతని వంక చూసింది. చూసి, గభాలున తల దించుకుంది. స్పీకర్ ఆపేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పదడుగులు అవతలికి వెళ్లింది. అటు తిరిగి ఏదో గొణిగింది. అవతలి అమ్మాయి ఏమందో, దయామణి సిగ్గుపడుతూ నవ్వింది.

ఏరేటర్లు నాలుగూ ఒక్కసారిగా తిరిగాయి. చెరువంతా తెల్లటి నురగ లేచింది. గట్టు వారనున్న రొయ్యలు ఒక్కొక్కటే లోపలికి జారుకున్నాయి.

"బతికాయి మావయ్యా!" నాగబాబు కేక పెట్టాడు.

దయామణి పరుగున వచ్చింది. "అన్నయ్యగారూ, అదేంటంటే..."

"చెప్పకు."

"అది కాదండీ, వదిన..."

"ఎవడైతే నాకేం? చెరువు బతికింది, చాలు. నేను బతికున్నంతకాలం ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

వెనక్కి చూడకుండా గట్టు మీద వడివడిగా నడిచాడు. అన్నాడంటే అన్నట్టే. ఆ సంగతి కాంతారావుని అడిగినా చెబుతాడు.

అతను షెడ్డు దాటేదాకా ఆగి, నాగబాబు గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఎవరి పేరు చెప్పావు పిన్నీ?"

"పేరెక్కడిది నాగబాబూ? కట్టుకున్నవాడి పేరు దుర్గమ్మ వదిన ఏనాడు పలికింది గనక? 'మా ఆయన' అని చెప్పాను."