మూడు కిటికీల గూడు

బావి మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లే. మగపిట్ట గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూసి, నచ్చితే కాపురం పెడుతుంది, నచ్చకపోతే మూతి తిప్పుకుని పోతుంది. అది అక్కడి పద్ధతి.

మొగిలయ్య అనే గిజిగాడు జన్మంతా ఆ పరీక్షల కోసమే గూళ్లు అల్లాడు. ముసలితనం వచ్చాక, ఇక తన గూడు చూడటానికి ఎవరూ రారని ఓ పొద్దున తట్టింది. దిగులు పడాల్సింది పోయి, ఒళ్లంతా చక్కిలిగింతలు పెట్టినట్టయింది!

ఇంకేం, మూడు కిటికీలు పెట్టి ఓ గూడు అల్లాడు. కప్పుకి మోదుగుపూల కుచ్చు కట్టాడు, లోపల ఊయల వేశాడు. పాడుకుంటూ ఆ ధ్యాసలో తన కాలిని కూడా కలిపి అల్లేసుకుని, విడిపించుకోలేక పడీపడీ నవ్వాడు.

కుర్ర గిజిగాళ్లకు ఒళ్లు మండింది. "పనికిరాని గూటికి అంత మంచి ఈతమట్టెందుకు? పీకేస్తాం," అంటూ పేరంటాలవ్వను పిలుచుకొచ్చారు. గూళ్లకు వంకలు పెట్టడంలో ఆవిడను మించిన పిట్ట లేదు. వయసులో ఉన్నప్పుడు మొగిలయ్య గూటినీ కాదని పోయిన పిట్టే.

"ఈ కిటికీల్లోంచి గుడ్లు జారిపోవూ?" అంది పేరంటాలవ్వ.

"గుడ్లు పెట్టే వయసా మనది? లోపలికొచ్చి చూడు," అన్నాడు మొగిలయ్య.

ఆవిడ మూతి ముడుచుకునే లోపలికెళ్లి ఊయలెక్కింది. ఎంతసేపటికీ దిగదే!

"అవ్వా, పీకేయమంటావా?" అని కుర్రాళ్లు కేకేశారు.

"ఉండండ్రా, ఇంకా పరీక్ష చేస్తున్నా! మొగిలయ్యా, కాస్త గట్టిగా ఊపవయ్యా!"