ఆవులింతలో ఆవుందా?

“నా ఎదుటే ఆవులిస్తావా? సరే, చెప్పు. ఆవులింతలో ఆవుందా?”

గుమ్మంలో నిలబడ్డ మనిషి చప్పున నోరు మూసుకున్నాడు. “తప్పైపోయిందయ్యా. పొద్దున్నుంచీ వెతుకుతున్నా. ఇక్కడే ఉందని పక్కింటావిడ చెప్పింది.”

కోశం మాస్టారు పెదవి విరిచాడు. నిఘంటువులు తప్ప మరొకటి ముట్టడు గనక వీధి ఆయనకు పెట్టిన పేరది. ఇరవయ్యేళ్లు చెమటోడ్చి రాసిన ‘మాటల్లో జంతువులు’ను అచ్చుకు పట్టుకెళ్లడానికి విశ్వవిద్యాలయం పంపుతానన్న పరిశోధకుడు వీడా! మాసిన చొక్కా, బురద చెప్పులు, చేతిలో తాడూ!

“ఆ తాడెందుకు?”

“కట్టి తీసుకుపోదామనండి.”

“కట్టెలమోపనుకున్నావా కట్టడానికి? ఉన్నది ఒక్కటే ప్రతి. మాటల దొంగలకు భయపడి నకలైనా తీయించలేదు.”

“అయ్యా, మా...”

“మధ్యలో అడ్డురాకు! ఆవులింతలో ఆవు లేదు. పందిరిలో పంది లేదు. చీమిడిలో చీమ లేదు. నిన్ను ఎద్దేవా చేస్తున్నానే, అందులో ఎద్దూ లేదు. నా ఎదురుగా ఉందంటావా, అది వేరే సంగతి! మరి గవేషణలో?”

“తెలీదండి. ఒక్కసారి పెరట్లోకెళ్లి...”

“గవేషణకని బయల్దేరినవాడికి గవేషణంటే తెలీదు! తప్పిపోయిన ఆవును వెతుక్కోవడమయ్యా మొదట్లో దాని అర్థం. అదే పెరిగి పెద్దదై పరిశోధనైంది. ఆవున్నది అందులో!”

“అయితే నేను చేస్తున్నది అదేనండి.”

“చేస్తాడట, పేరే తెలీదట. గాడిదగుడ్డు! గాడిద గుడ్డు పెట్టదని కూడా నేనే చెప్పాలేమో నీకు.”

లోపల్నుంచి భార్య కేకేసింది. “ఏమండీ, పెరటి గేటు గడియ ఊడిందని నిన్ననే చెప్పానా? అక్కడేదో చప్పుడవుతోంది.”

“గాలికి కాగితాలు కదుల్తున్నాయే. వ్యాకరణం ఊడనంతవరకూ ఏ గడియ ఊడినా ఫర్వాలేదు!”

కుళాయి గొట్టం కారి అలమరలో ఆ ఒక్క ప్రతీ తడిసిపోతే, గడ్డిపోచైనా మొలవని ఆ సిమెంటు పెరట్లో పొద్దున ఆయనే పుటలన్నీ పరిచి, గులకరాళ్లు పెట్టి ఆరేశాడు.

“అయ్యగారూ, ఆలస్యమైతే మీకే...”

“ఆగవయ్యా! ఇరవయ్యేళ్ల సరుకది. నమిలి మింగినంత మాత్రాన అరుగుతుందా?”

“అరుగుతుందండి. ఏదైనా అరుగుతుంది.”

‘ఏం పొగరు!’ అనుకునేలోగా ఫోను మోగింది.

“నమస్కారం మాస్టారూ, విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకుణ్ణి. బస్సు తప్పిపోయిందండి. సాయంత్రానికి వస్తాను. ప్రతి భద్రమే కదా?”

మాస్టారు ఫోను దించి, ఎదుటి మనిషిని మొదటిసారి సరిగ్గా చూశాడు.

“మరి నువ్వెవరివయ్యా?”

అతను తాడు చేతికి చుట్టుకుంటూ చెప్పాడు.

“మీ పెరట్లో మేస్తున్న ఆవు మాదండి.”